బీవర్‌స్లైడ్‌తో గడ్డివాములు: దగ్గరుండి వాడాక నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ మెషీన్ బాగోలేక కాదు, దాన్ని నడపడానికి సరిపడా మనుషులు ఇప్పుడు దొరకట్లేదు కాబట్టి. మనుషులుండి, చలి ఎక్కువ వాన తక్కువ ఉండే చోట ఆవులు మేపేవాళ్ళయితే మాత్రం నేను కళ్ళు మూసుకుని 5 వేస్తా. ఇంతకీ ఇదేంటంటే, బేల్ (మెషీన్‌తో గట్టిగా చుట్టి కట్టే గడ్డి కట్ట) కట్టని విడి గడ్డిని ముప్పై అడుగుల ఎత్తు దాకా లాక్కెళ్ళి పైనుంచి పడేసి వామి వేసే పెద్ద కర్రల మెషీన్, పేరు బీవర్‌స్లైడ్. అమెరికాలో మోంటానా రాష్ట్రం, బిగ్ హోల్ వ్యాలీలో పుట్టింది, వందేళ్ళు దాటినా ఇప్పటికీ అక్కడ కొన్ని రాంచుల్లో, అంటే పెద్ద పశువుల పొలాల్లో, పనిచేస్తోంది, ఎగ్జిబిషన్‌కి పెట్టింది కాదు, నిజంగా ఆవుల కడుపు నింపడానికే వాడుతున్నారు.

నేను ఉండేది మోంటానాలోనే, పశువుల డాక్టర్ల దగ్గర పని, ఆ వ్యాలీలో ఒక పెద్దావిడ రాంచ్ ఉంది, ఆవిడ ఆవుల కోసం వెళ్తూ వస్తూ పరిచయమైంది, గడ్డి సీజన్ వస్తే సెలవు పెట్టుకుని వెళ్ళి చేతనైన పని చేస్తుంటా. ఆవిడ దగ్గర రెండు బీవర్‌స్లైడ్లు ఉన్నాయి, ఒకటి పూర్తిగా చెక్కది, ఆవిడ మామగారి కాలం నాటిది, ఇంకోటి తర్వాత ఇనప పైపులతో వెల్డింగ్ చేయించుకున్నది. నేను ఎక్కువ పనిచేసింది చెక్కదాని మీద, ఈ రివ్యూ కూడా దాని గురించే.

చూడ్డానికి పెద్ద జారుడుబల్లలా ఉంటుంది, తేడా ఏంటంటే ఇక్కడ గడ్డి కిందనుంచి పైకి జారుతుంది. లాడ్జ్‌పోల్ పైన్ అని ఆ కొండల్లో నిటారుగా సన్నగా పెరిగే చెట్టు ఉంటుంది, ఆ దుంగలతో ఫ్రేము, దాని మీద ఏటవాలుగా పలకలు కొట్టి ఒక ర్యాంపు, వెనకనుంచి దాన్ని నిలబెట్టే కాళ్ళు, మొత్తం కింద స్కిడ్ల మీద, అంటే నేల మీద జారే దుంగల మీద, కూర్చుని ఉంటుంది కాబట్టి ట్రాక్టర్‌కి కట్టి ఒక పచ్చిక నుంచి ఇంకో పచ్చికకి ఈడ్చుకెళ్ళొచ్చు. ర్యాంపు మీద పైకీ కిందికీ తిరిగే ఒక బాస్కెట్ ఉంటుంది, దానికి పొడుగాటి కర్ర పళ్ళు. బాస్కెట్‌కి కట్టిన స్టీల్ కేబుల్ పైనున్న పుల్లీల మీదుగా తిరిగి కిందికి వచ్చి ఒక పాత ట్రక్కుకి తగిలించి ఉంటుంది. గడ్డి బాస్కెట్ మీదకి చేరగానే ట్రక్కు మెల్లగా ముందుకి కదులుతుంది, అది ముందుకెళ్తుంటే బాస్కెట్ పైకి ఎక్కుతుంది, చివర్లో ర్యాంపు అయిపోయి ఖాళీ వస్తుంది, గడ్డి మొత్తం ఆ ఖాళీలోంచి అవతలి పక్క వామి మీద దభీమని పడుతుంది, ట్రక్కు రివర్స్ చేస్తే బాస్కెట్ దాని బరువుకి అదే జారి కిందికి వచ్చేస్తుంది. అంతే. హైడ్రాలిక్ లేదు, సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు, ఏ పార్టు ఏం చేస్తుందో పదేళ్ళ పిల్లాడికి కూడా చూస్తే అర్థమవుతుంది. ఒకప్పుడు ట్రక్కు బదులు గుర్రాల జత ఉండేది, జత ముందుకి నడిస్తే బాస్కెట్ పైకి, వెనక్కి నడిపిస్తే కిందికి, దీనికోసం వెనక్కి నడవడం నేర్పిన గుర్రాలకి మంచి విలువ ఉండేదని పెద్దావిడ చెప్తుంది.

దీన్ని 1908లో బిగ్ హోల్ వ్యాలీలో హెర్బర్ట్ ఆర్మిటేజ్, డేవిడ్ స్టీఫెన్స్ అనే ఇద్దరు తయారుచేశారు, 1910లో పేటెంట్ వచ్చింది. మొదట్లో బీవర్‌హెడ్ కౌంటీ స్లైడ్ స్టాకర్ అనేవాళ్ళు, అంత పొడుగు పేరు పొలంలో ఎవరు పిలుస్తారు, బీవర్‌స్లైడ్ అయిపోయింది. తర్వాత చుట్టుపక్కల ఐడహో, వయోమింగ్, పైన కెనడా దాకా వెళ్ళింది. అంతకుముందు వామి వేయడానికి వేరే మెషీన్లు లేవని కాదు, పొడుగాటి స్తంభానికి దూలం కట్టి గడ్డిని ఎత్తి తిప్పి పడేసే డెరిక్కులు యూటా, ఐడహో వైపు బాగా వాడారు, గడ్డిని నెత్తి మీదుగా విసిరేసే ఓవర్‌షాట్ స్టాకర్లూ ఉన్నాయి, కానీ ఇంత ఎత్తులో ఇంత తక్కువ ఖర్చులో వేసేది మాత్రం ఇదే అని నాకనిపిస్తుంది.

అసలు అంత గడ్డి దాచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ మెషీన్ విలువ తెలుస్తుంది. 1880ల్లో మోంటానాలో పశువుల్ని ఏడాది పొడుగునా బయట మైదానాల్లో వదిలేసేవాళ్ళు, చలికాలంలో కూడా మంచు కింద ఎండు గడ్డి వెతుక్కుని తిని బతికేవి. 1886 ఎండాకాలం వానల్లేక గడ్డి ఎండిపోయింది, అప్పటికే పశువులు మరీ ఎక్కువైపోయి మైదానాలు గొరిగేసినట్టున్నాయి, దాని మీద 1886-87 చలికాలం మంచు తుఫాన్లు విరుచుకుపడ్డాయి, లక్షల పశువులు ఆకలికి చలికి నిలబడ్డచోటే చచ్చిపోయాయి. చాలామంది పెద్ద పెద్ద పశువుల యజమానులు ఆ ఒక్క చలికాలంతో వ్యాపారం వదిలేసి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి ఒక సంగతి బాగా అర్థమైంది, ఎండాకాలం గడ్డి కోసి దాచుకోకపోతే ఇక్కడ పశువుల్ని పెంచలేం అని. అక్కణ్ణుంచి రాంచర్ పని సగం ఆవులు కాయడం, సగం గడ్డి కోయడం అయింది. ఆ అవసరంలోంచే ఇరవై ఏళ్ళ తర్వాత ఈ మెషీన్ వచ్చింది.

బిగ్ హోల్ వ్యాలీ సముద్రమట్టానికి 6000 అడుగుల పైన ఉంటుంది, అమెరికాలో అలాస్కా వదిలేస్తే బాగా చలి పుట్టే చోట్లలో అక్కడి విజ్‌డమ్ అనే చిన్న ఊరొకటి. గడ్డి ఏడాదికి ఒక్క కోతే. వసంతంలో మంచు కరిగిన నీళ్ళు కాలవల్లోంచి పచ్చికల మీదకి వదుల్తారు, జూలైలో నీళ్ళు ఆపేసి నేల ఆరనిచ్చి, జూలై చివర నుంచి ఆగస్టు అంతా, ఒక్కోసారి సెప్టెంబర్ దాకా కోత. ఆ కొద్ది వారాల్లో చేసిన పని మీద మిగతా ఏడాదంతా ఆధారపడి ఉంటుంది. వందల ఎకరాల్లో కోసి ఆరేసిన గడ్డిని వాన వచ్చేలోపు వామికెక్కించాలి, అందుకని స్పీడు ముఖ్యం. ఈ మెషీన్ ఆ విషయంలో నన్ను ఆశ్చర్యపరిచింది, చూస్తే ముసలిదానిలా ఉంటుంది కానీ లోడు పైకెళ్ళి ఖాళీ బాస్కెట్ కిందికి వచ్చేసరికి ఒకట్రెండు నిమిషాలే, గడ్డి తెచ్చేవాళ్ళు ఆగకుండా తెస్తే మెషీన్ ఎక్కడా ఆగదు.

గడ్డి తెచ్చే బండి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే బీవర్‌స్లైడ్ ఊరికే నిలబడి ఉంటుంది. బక్‌రేక్ అంటారు. పాత ట్రక్కు చాసీ తీసుకుని, సీటూ స్టీరింగూ వెనక్కి తిప్పేసి, వెనక ఇరుసు ముందుకొచ్చేలా చేస్తారు, అంటే బండి మొత్తం ఉల్టా నడుస్తుంది, ముందుకొచ్చిన ఆ పక్కన నేలబారుగా పొడుగాటి కర్ర పళ్ళు వరసగా బిగిస్తారు. వరసలుగా పోగేసిన గడ్డి మీదకి ఆ పళ్ళు తోసుకుంటూ వెళ్తే కొన్ని వందల కిలోల గడ్డి పళ్ళ మీద పోగవుతుంది, అలాగే తోసుకొచ్చి బాస్కెట్ మీదకి ఎక్కించి పళ్ళు వెనక్కి లాక్కుంటారు. బాడీ ఉండదు, డోర్లుండవు, డ్రైవర్ దుమ్ములో ఎండలో కూర్చోవాలి. పెద్దావిడ మనవరాలు దీన్ని నడుపుతుంటే చూడాలి, ఫుల్ స్పీడులో వచ్చి బాస్కెట్ ముందు సరిగ్గా ఆగి మెల్లగా ఎక్కించి వెళ్ళిపోతుంది, ఒక్క పన్ను కూడా ర్యాంపుకి తగలదు. ఆ పిల్ల పనితనానికి విడిగా 5 స్టార్లు.

ఇక వామి మీద పని. బీవర్‌స్లైడ్ గడ్డిని ఎత్తి పడేస్తుంది అంతే, వామి ఆకారం మనిషి చేతిలోనే ఉంటుంది. వామికి మూడు పక్కలా ఎత్తైన చెక్క తడకలు నిలబెడతారు, పడ్డ గడ్డి పక్కలకి చెదిరిపోకుండా, ఇవి లేని రోజుల్లో పైన ఇద్దరు ముగ్గురు ఫోర్కులు పట్టుకుని ఉండాల్సి వచ్చేదట, ఇప్పుడు ఒకరిద్దరితో సరిపోతుంది. పడ్డ గడ్డిని మూలలకి తొయ్యాలి, మధ్యలో బాగా తొక్కాలి, ఎందుకంటే మధ్యలో గట్టిగా లేకపోతే కొన్ని వారాలకి వామి అణిగినప్పుడు నడుమ గుంట పడుతుంది, ఆ గుంటలో నీళ్ళు నిలబడి గడ్డి లోపలిదాకా కుళ్ళిపోతుంది. మధ్య ఎప్పుడూ అంచుల కన్నా ఎత్తు ఉండాలి, చివరి లోడ్లు సరిగ్గా నడిమికి పడేలా చూసుకుని పైన గుండ్రంగా తెచ్చి వదిలేయాలి, అప్పుడు వానా మంచూ పక్కలకి జారిపోతాయి. ఈ మాట నేను అక్కడ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఒంగోలు దగ్గర మా ఊళ్ళో వరిగడ్డి వామి వేసేటప్పుడు మా బాబాయి చిన్నప్పుడు నా చేత తొక్కించి నేర్పించిందే. అక్కడ వామి మీదకెక్కి నేను మధ్యలో తొక్కుతుంటే పెద్దావిడ కిందనుంచి చూసి, ఇతనికి చెప్పక్కర్లేదు అని వెళ్ళిపోయింది, నాకు ఆ రోజంతా ఎంత సంతోషమేసిందో.

బాబాయికి వీడియో కాల్ చేసి చూపించా, కేబుల్ లాగుతుంటే గడ్డి పైకి ఎక్కడం చూసి ఒకటే ప్రశ్నలు.

"అదెట్టారా, అంత గడ్డి ఒక్కసారే పైకిబోతందే, కిందబడదా?"

"పడదు బాబాయ్, పళ్ళు పట్టుకునుంటాయి, చివర్లోనే వదుల్తది."

"ఒక్కో వామి ఎన్ని బళ్ళుంటదిరా?"

బళ్ళ లెక్క నాకు తెలీదు కానీ టన్నుల లెక్క చెప్పా. బాగా వేసిన పెద్ద వామిలో ఇరవై టన్నుల దాకా గడ్డి పడుతుంది. అమెరికా టన్ను అంటే 907 కిలోలు కాబట్టి దగ్గర దగ్గర 18,000 కిలోలు. అక్కడి మాంసం జాతి ఆవు ఒక్కోటి 500 కిలోల పైనే ఉంటుంది, చలికాలంలో రోజుకి 12 కిలోల గడ్డి వేసుకుంటే ఒక వామి వంద ఆవులకి పదిహేను రోజులు. ఐదు నెలలు మంచు ఉంటే వంద ఆవులకి పది వాములు. ఈ లెక్క వినగానే బాబాయి "అయితే వాళ్ళకి ఎండాకాలమంతా ఇదే పనన్నమాట" అన్నాడు, నిజంగా అంతే.

గడ్డి క్వాలిటీ సంగతికి వస్తా, నా దృష్టిలో ఈ మెషీన్ గెలిచేది ఇక్కడే. బయట వదిలేసిన రౌండ్ బేల్ ఉందనుకోండి, 6 అడుగుల వ్యాసం, చుట్టూ 6 అంగుళాల మందం వానకి పాడైతే లెక్క వేసి చూడండి, బేల్‌లో 30 శాతం పైగా పోయినట్టే, ఎందుకంటే గుండ్రటి వస్తువులో ఎక్కువ సరుకు బయటి పొరలోనే ఉంటుంది. అదే 6 అంగుళాలు ఇంత పెద్ద వామిలో పాడైతే పైన ఒక పొర పోతుంది, లోపల ఆకుపచ్చగా వాసనతో అలాగే ఉంటుంది. బాగా వేసిన వామి ఐదారేళ్ళు కూడా నిలబడుతుందని అక్కడ చెప్తారు, నేను చూసినవాటిలో రెండో ఏడాదికి వచ్చిన వామి విప్పితే పైపొర తీసేశాక లోపలి గడ్డి ఆవులు ఎగబడి తిన్నాయి. ఇది ఎక్కడైనా జరుగుతుందని చెప్పను, ఆ వ్యాలీలో గాలి పొడిగా ఉంటుంది, చలికాలం పడేది మంచే కానీ వాన కాదు, అందుకే.

తేమ మాత్రం జాగ్రత్త. విడి గడ్డి బేల్ కన్నా కాస్త తేమని తట్టుకుంటుంది, గాలి ఆడుతుంది కాబట్టి, అలాగని పచ్చిగా ఉన్నది ఎక్కిస్తే వామి లోపల వేడి పుడుతుంది. లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటితే కనిపెట్టుకుని ఉండాలి, 65 దాటితే ప్రమాదం, 80 దగ్గరికి వచ్చిందంటే ఏ నిమిషానైనా అంటుకోవచ్చు, అప్పుడు గడ్డి లాగడానికి పోకుండా ముందు ఫైర్ వాళ్ళని పిలవాలి, ఎందుకంటే లోపలికి గాలి తగిలితే భగ్గుమంటుంది. పెద్దావిడ దగ్గర పొడుగాటి థర్మామీటర్ రాడ్డు ఉంది, కొత్త వామిలో గుచ్చి చూస్తుంటుంది. ఆవిడ అనుమానం వచ్చిన వరసల్ని ఇంకో పూట ఆరనిస్తుంది, ఎంత మబ్బు పట్టినా సరే.

పశువుల డాక్టర్ల దగ్గర పనిచేసేవాడిగా నాకు నచ్చిన ఇంకో సంగతి, ఈ గడ్డిలో తాడు ఉండదు. బేల్ కట్టే ప్లాస్టిక్ తాడు, నెట్ సరిగ్గా తీయకుండా వేస్తే ఆవులు గడ్డితో పాటు మింగేస్తాయి, అది అరగదు, పొట్టలో ఉండలు కట్టి మేత మానేసేదాకా తెస్తుంది. ఆపరేషన్ చేసి పొట్టలోంచి గుప్పిళ్ళకొద్దీ ప్లాస్టిక్ తాడు తీయడం చూసినవాళ్ళకి విడి గడ్డి మీద గౌరవం వస్తుంది. తాడు ఖర్చు, నెట్ ఖర్చు కూడా మిగుల్తుంది, కానీ నాకు డబ్బు కన్నా ఇదే ముఖ్యం.

చలికాలం మేపడం కూడా చూశా. వాముల చుట్టూ కంచె ఉంటుంది, లేకపోతే ఆవులే కాదు, ఎల్క్ అని పెద్ద దుప్పుల మందలు కొండల మీదనుంచి దిగొచ్చి రాత్రికి రాత్రి వామిని తవ్విపోస్తాయి. పొద్దున్నే గుర్రాల జత కట్టిన స్లెడ్ బండిని (చక్రాల్లేకుండా మంచు మీద జారేది) వామి పక్కన ఆపి, గడ్డి దాని మీదకి దింపి, మంచు మీద మెల్లగా పోతూ రెండు పక్కలా వేసుకుంటూ వెళ్తారు, ఆవులు వెనకాలే వరస కడతాయి. బాగా చలి రోజుల్లో ట్రాక్టర్ ఒక్కోసారి స్టార్ట్ అవదు, డీజిల్ గడ్డకడుతుంది, గుర్రాలకి ఆ బాధ లేదు కాబట్టి ఇప్పటికీ కొంతమంది గుర్రాల్నే వాడుతున్నారు. పెద్దావిడ దగ్గర వామి పైనుంచి గడ్డి పీకడానికి ట్రాక్టర్‌కి గ్రాపుల్ (గడ్డిని పట్టి ఎత్తే ఇనప పంజా) ఉంది, అది లేకపోతే అణిగి గట్టిపడ్డ వామిలోంచి ఫోర్కుతో గడ్డి లాగడం నడుములు విరిగే పని.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది ముందే చెప్పా, మనుషులు. కోసేవాళ్ళు, వరసలు చేసేవాళ్ళు, బక్‌రేక్ నడిపేవాళ్ళు, కేబుల్ ట్రక్కు మీద ఒకరు, వామి మీద ఒకరిద్దరు, వీళ్ళలో ఒక్కరు రాకపోయినా మొత్తం ఆగుతుంది. రౌండ్ బేలర్ అయితే ఒక మనిషి ట్రాక్టర్ ఎక్కి ఏసీ క్యాబిన్‌లో కూర్చుని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటరిగా లాగించేస్తాడు. వ్యాలీలో చాలా రాంచులు బేలింగ్‌కి మారిపోవడానికి అసలు కారణం అదే, మెషీన్ పనికిరాక కాదు. ఒకప్పుడు ఆ లోయని పదివేల గడ్డివాముల నేల అనేవాళ్ళు, ఇప్పుడు రోడ్డు మీద వెళ్తుంటే వాముల కన్నా బేళ్ళే ఎక్కువ కనిపిస్తాయి, పాత బీవర్‌స్లైడ్లు కొన్ని పచ్చికల్లో అలాగే వంగిపోయి కుళ్ళిపోతున్నాయి, చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాటిలో సగం చిన్న రిపేరుతో లేచి నిలబడేవే.

రెండోది ప్రమాదం. బరువు మీద బిగిసిన స్టీల్ కేబుల్ తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది, ఆ లైన్‌లో ఎవరూ నిలబడకూడదు, బాస్కెట్ పైకెళ్తున్నప్పుడు ర్యాంపు కిందా ముందూ ఎవరూ ఉండకూడదు, వామి మీదున్న మనిషి లోడు పడే చోటు నుంచి పక్కకి జరిగి చెయ్యి ఊపాకే ట్రక్కు కదలాలి. పెద్దావిడ ఇందులో ఎవ్వర్నీ వదలదు, సొంత కొడుకైనా సరే కేకలేస్తుంది. రోజూ పని మొదలుపెట్టేముందు మందపాటి తోలు గ్లవుజులేసుకుని కేబుల్ మొత్తం తడుముతూ చూస్తాం, ఎక్కడైనా పోగులు తెగి ముళ్ళలా లేచాయంటే ఆ కేబుల్ మార్చాల్సిందే. ఒకసారి పైన ఒక పక్క పుల్లీ బేరింగ్ పట్టేసింది, బాస్కెట్ ఒక పక్క ముందుకీ ఒక పక్క వెనక్కీ అయిపోయి వంకరగా ఎక్కి ర్యాంపు మధ్యలో ఇరుక్కుంది, గడ్డి నెత్తి మీద వేలాడుతోంది, ట్రక్కు వెనక్కి పోనిస్తే కేబుల్ వదులై బాస్కెట్ ఒక్కసారిగా జారుతుందేమోనని భయం. చివరికి చైన్లతో బాస్కెట్‌ని ఫ్రేముకి కట్టేసి, గడ్డి పక్కలనుంచి పీకి దించి, అప్పుడు ఒకాయన పైకెక్కి పుల్లీ విప్పాడు. ఆ పూటంతా పోయింది, అవతల పడమటి వైపు మబ్బులు లేస్తున్నాయి. గ్రీజు పెట్టడం అనేది ఈ మెషీన్‌కి ఆప్షన్ కాదు అని అప్పట్నుంచి నేను అందరికీ చెప్తున్నా.

స్పేర్ పార్టుల సంగతి మాత్రం అందరూ భయపడేదానికి పూర్తిగా ఉల్టా. పాత ట్రాక్టర్ కొంటే దాని గేర్ కోసం దేశమంతా తిరగాలి, దీనికి అలా కాదు, దుంగ విరిగితే దుంగ, పలక ఊడితే పలక, కేబుల్, పుల్లీ, బోల్టులు, అన్నీ మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. చుట్టూ అడవి ఉంది, పర్మిట్ తీసుకుని దుంగలు తెచ్చుకుంటారు. చెక్క ర్యాంపు మీద ఏళ్ళ తరబడి గడ్డి రాసుకుని రాసుకుని పలకలు నున్నగా మెరుస్తుంటాయి, పెద్దావిడ వాటిని వీలైనంతవరకు మార్చదు, కొత్త పలక గరుగ్గా ఉండి గడ్డిని పట్టుకుంటుంది. ఇనప పైపులది బలంగా ఉంటుంది, కుళ్ళదు, కానీ పైపు వంగితే వెల్డర్ కావాలి, చెక్కది విరిగితే ఒక గొడ్డలి, ఒక డ్రిల్లు, ఒక పూట చాలు, అందుకే నా ఓటు చెక్కదానికే.

కొనాలనుకునేవాళ్ళకి, అంటే అక్కడ చలి ప్రాంతాల్లో ఆవులు పెట్టుకున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే, సెకండ్ హ్యాండ్‌ది చూసేటప్పుడు పై రంగు పట్టించుకోకండి, నేలకి ఆనుకున్న స్కిడ్లు చాకుతో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే లోపల కుళ్ళినట్టే. తర్వాత వెనక కాళ్ళు ఫ్రేముకి కలిసే జాయింట్లు, తర్వాత పై పుల్లీల ఇరుసులు. కేబుల్ ఎలా ఉన్నా సరే కొత్తది వేసుకోండి, పాతదాన్ని నమ్మొద్దు. తడకలు కూడా ఇస్తున్నారో లేదో అడగండి, చాలామంది మెషీన్ అమ్మేసి తడకలు కంచెకి వాడేసుకుని ఉంటారు. ఇవన్నిటికన్నా ముందు గడ్డి సీజన్‌లో మీతో ఎవరెవరు ఉంటారో పేర్లు రాసుకోండి, ఆరు పేర్లు రాకపోతే బేలర్ కొనుక్కోవడమే మంచిది, ఇది నా మనసుకి నచ్చని మాటే కానీ నిజం.

మన ఆంధ్రాలో, తెలంగాణలో పనికొస్తుందా అని బాబాయి కూడా అడిగాడు. నాకైతే పనికిరాదనే అనిపిస్తుంది. వరిగడ్డి కోత అయ్యాక తుఫాన్ల సీజన్, గాలిలో తేమ, ఇంత పెద్ద వామిలో లోపలికి తడి దిగితే మొత్తం పోతుంది. పైగా ఒక్కో రైతుకి ఉండే గడ్డికి ఇంత మెషీన్ ఎందుకు, మన చిన్న వామి మన అవసరానికి సరిపోయేలా పెద్దవాళ్ళు కనిపెట్టిందే. హార్వెస్టర్ కోసిన పొలాల్లో గడ్డి చెల్లాచెదురుగా పడుంటే ఇప్పుడు బేలర్లతో చుట్టించుకుంటున్నారు, అక్కడ అదే కరెక్ట్. బాబాయి మాత్రం ఆ బక్‌రేక్ చూసి "ఆ పళ్ళ బండి ఒక్కటి మనకుంటే బాగుండురా" అన్నాడు, అది నిజంగా ఆలోచించాల్సిన మాట, ట్రాక్టర్ ముందు అలాంటి పళ్ళు బిగించుకుంటే పెద్ద డెయిరీల వాళ్ళకి పొలంలో గడ్డి పోగేయడం తేలికవుతుంది.

కొనకపోయినా చూడాలనుకునేవాళ్ళకి ఒక మంచి చోటుంది, డీర్ లాడ్జ్ అనే ఊళ్ళో గ్రాంట్-కోర్స్ రాంచ్, ఐ-90 హైవే పక్కనే. జానీ గ్రాంట్ దగ్గర్నుంచి 1866లో కాన్రాడ్ కోర్స్ కొన్నాడు, ఒకప్పుడు మోంటానాలో పెద్ద పశువుల యజమానుల్లో ఆయనొకడు, ఆ 1886-87 చలికాలాన్ని తట్టుకుని నిలబడ్డవాడు. 1972 నుంచి నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది, ఇప్పటికీ ఆవులు, గుర్రాలు ఉన్న రాంచే, అక్కడ బీవర్‌స్లైడ్ ఉంది, పాత గడ్డి పనిముట్లు ఉన్నాయి, ఎంట్రీ టికెట్ లేదు. పిల్లలున్నవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళండి, రేంజర్లు అడిగితే ఓపిగ్గా చెప్తారు.

అసలైన పని చూడాలంటే మాత్రం బిగ్ హోల్‌కే వెళ్ళాలి. హైవే 43 మీద విజ్‌డమ్ దాకా వెళ్ళి, అక్కడినుంచి 278 మీద జాక్సన్ వైపు తిరగండి, రెండు పక్కలా పచ్చికలే. ఆగస్టు మొదటి వారాలు మంచి టైం, జూన్‌లో, జూలై మొదట్లో వెళ్తే నీళ్ళు పారుతుంటాయి కాబట్టి దోమలు నిలబడనివ్వవు. పెట్రోల్ ముందే ఫుల్ చేయించుకోండి, ఊళ్ళు దూరం దూరం, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. కనిపించేవన్నీ ప్రైవేటు పొలాలు, గేటు దాటి లోపలికి వెళ్ళకండి, రోడ్డు పక్కన కారు ఆపుకుని కంచె బయటనుంచి ఎంతసేపైనా చూడొచ్చు, ఎవరైనా గేటు దగ్గరికి వస్తే వాళ్ళ గడ్డి ఈ ఏడాది ఎలా వచ్చిందో అడగండి, గంటసేపు చెప్తారు.